మసిగుడ్డ మనమే అల్లుకుందాం

పొయ్యి మీది గిన్నె దించడానికి ప్రతి వంటింటిలోనూ ఒక మసిగుడ్డ ఉంటుంది. పాత చీర చెంగో, చిరిగిన తువ్వాలు ముక్కో ఆ పదవిని అలంకరిస్తుంది. పలుచని ఆ గుడ్డ గుండా వేడి చురుక్కుమన్నప్పుడు గాని దాని సంగతి మనకు పట్టదు.

క్రోషే అల్లిక నేర్వగోరేవారు మొట్టమొదట చేపట్టదగిన వస్తువు ఇదే. బల్లపై పరచే గుడ్డకు నెలలు పట్టవచ్చు. మసిగుడ్డ కొద్ది సాయంత్రాలలో ముగుస్తుంది. అంచు కాస్త వంకరపోయినా గిన్నె దించడానికి అడ్డురాదు.

ముందుగా దారం సంగతి. లావుపాటి నూలుదారమే వాడవలెను. అక్రిలిక్ వంటి కృత్రిమ దారాలు రంగురంగులలో ఆకర్షిస్తాయి. కాని అధికమైన వేడికి కరిగి చర్మానికి అంటుకునే ప్రమాదమున్నది. అనుమానం కలిగితే చిన్న దారపు ముక్కను పటకారుతో పట్టి, పళ్లెంపై వెలిగించి చూడండి. నూలు కాగితం వలె కాలి మెత్తని బూడిద అవుతుంది. కృత్రిమ దారం ముడుచుకుపోయి గట్టి పూసగా మిగులుతుంది.

ఇక 4 లేక 5 మిల్లీమీటర్ల కొక్కెపు సూది. 'క్రోషే' అనే ఫ్రెంచి మాటకు అర్థమే చిన్న కొక్కెం. దారపు కొసన జారుముడి వేసి సూదికి తగిలించండి. దారాన్ని సూదిపై చుట్టి ఆ ముడిలోనుండి లాగితే ఒక ఉచ్చు ఏర్పడుతుంది. ఇలా 31 ఉచ్చుల గొలుసు అల్లండి. సూదికి దగ్గరగా ఉన్న మొదటి ఉచ్చును వదలి రెండవదానిలో సూది గుచ్చి, దారం చుట్టి లాగండి. సూదిపై రెండు ఉచ్చులు నిలుస్తాయి. మళ్లీ దారం చుట్టి ఆ రెంటిలోనుండీ ఒక్కసారిగా లాగితే ఒక పొట్టి కుట్టు పూర్తి. వరుసకు 30 కుట్లు వస్తాయి. వరుస చివర ఒక ఉచ్చు అదనంగా వేసి, అల్లికను తిప్పి, రెండవ వరుస మొదలుపెట్టండి.

కొత్తవారి చదరం తరచుగా పైకి పోనుపోను సన్నబడుతుంది. కారణం చివరి కుట్టును మరచిపోవడమే. ప్రతి వరుసలోనూ కుట్లు లెక్కించుకుంటే ఈ చిక్కు రాదు. సూది లోపలికి దూరనంత బిగువుగా ఉంటే దారాన్ని కొంచెం వదులుగా పట్టండి. చదరానికి సుమారు 30 వరుసలు పడతాయి. అటువంటివి రెండు అల్లి, ఒకదానిపై ఒకటి ఉంచి అంచులు కలపండి. మూలలో 12 ఉచ్చుల గొలుసు వేస్తే మేకుకు తగిలించుకోవచ్చు.

చేతిని కాపాడేది నూలు ఒక్కటే కాదు, దాని నడుమ నిలిచే గాలి కూడా. ఆ గాలి చోటును నీరు ఆక్రమిస్తే వేడి క్షణంలో చేతికి తాకుతుంది. అందుచేత తడిసిన మసిగుడ్డతో వేడి గిన్నె ముట్టరాదు. మధ్య అండమాన్‌లోని రంగత్ వంటి ఊళ్లలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఆ దీవులలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. గాలిలో తేమ వీడదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 13 మందికి తెలుగే మాతృభాష. అక్కడి వంటింటిలో రెండు మసిగుడ్డలుంటే ఒకటి ఆరేలోగా మరొకటి అక్కరకు వస్తుంది. ఉక్కు సూదికి తుప్పు పట్టకుండా పొడిగుడ్డతో తుడిచి దాచుకోవలెను.

ఈ విద్య తెలుగువారికి కొత్తది కాదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి తీరానికి వచ్చి, నరసాపురం పరిసర గ్రామాలలో వేలాది స్త్రీల జీవనాధారమైనది. వారి లేసు విదేశాలకు ఎగుమతి అయినది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ వారి స్థితిని పరిశీలించి 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. ఇంటిపట్టున ఉండి అల్లుతున్నందువల్ల వారిని 'గృహిణులు'గానే ఎంచి, వారి శ్రమను తీరిక వేళల కాలక్షేపంగా లెక్కకట్టారనీ, అందుకే కూలి అత్యల్పంగా ఉండేదనీ ఆమె వివరించారు. నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు 2024లో లభించినది.

క్రోషే అల్లికను మనిషి చేయివలె అల్లగల యంత్రం నేటికీ వ్యాపారపు వాడుకలోకి రాలేదు. అంగడిలో కనిపించే ప్రతి క్రోషే వస్తువు వెనుకా ఒక మనిషి చేయి ఉన్నది. మీ చదరాన్నే లెక్కకట్టి చూడండి: వరుసకు 30 చొప్పున 30 వరుసలు, అంటే 900 కుట్లు, రెండు పొరలకు 1,800. ఆ లెక్క తెలిసిన చేతితో ఒకసారి లేసు బల్లగుడ్డ ధర చీటీని తిరగేయండి. బేరమాడడానికి నోరు రాదు.