పగా లేదు, మరుపూ లేదు

యుద్ధంలో నలిగిపోయిన మనిషిని శత్రుదేశంతో చర్చలకు పంపకూడదని వాదించేవాళ్లున్నారు. గాయం మానదు, మాట తూలుతుంది అన్నది వారి భయం. పోలండ్‌కు చెందిన చరిత్రకారుడు, దౌత్యవేత్త వ్లాదిస్వావ్ బార్తొషెవ్‌స్కీ (1922-2015) జీవితం ఆ వాదనను నిలబడనివ్వదు. అయితే జర్మనీతో నమ్మకం కుదర్చడంలో ఆయన విజయానికి సాధారణంగా చెప్పే కారణం కూడా సరిపోదు. అంత బాధ పడ్డాడు కాబట్టే జర్మన్లు ఆయన ముందు తలవంచారని అంటారు. కానీ పోలండ్‌లో బాధ పడనివాళ్లెవరు? రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దేశం సుమారు 60 లక్షల మంది పౌరులను పోగొట్టుకుంది. వారిలో దాదాపు సగం మంది యూదులు. బార్తొషెవ్‌స్కీని వేరుగా నిలబెట్టింది ఆయన పడిన కష్టం కాదు, ఆ కష్టాన్ని తేదీలతో, పేర్లతో, ఎవరు ఎవరికి ఏం చేశారో విడదీసి రాసిపెట్టుకున్న అలవాటు. సైనికుడిని రాయబారిగా మలిచింది ఆయనలోని చరిత్రకారుడేనని నా నమ్మకం.

1940 సెప్టెంబరులో వార్సా వీధుల్లో జర్మన్లు మగవాళ్లను గుంపులుగా పట్టుకుపోయినప్పుడు ఆయనకు 18 ఏళ్లు. ఔష్విట్జ్ నాజీ శిబిరంలో 4427వ నంబరు ఖైదీ అయ్యారు. రెడ్‌క్రాస్ ప్రయత్నాలతో 1941 ఏప్రిల్‌లో బయటపడ్డారు. ఒళ్లు కూడదీసుకుంటూనే ఆయన చేసిన మొదటి పని, శిబిరం లోపల చూసింది రహస్యోద్యమానికి పూసగుచ్చినట్టు చెప్పడం. ఆ తర్వాత పోలండ్ రహస్య సైన్యమైన హోమ్ ఆర్మీలో సమాచార విభాగంలో పనిచేశారు. యూదులకు దొంగ పత్రాలు, తలదాచుకునే చోటు, డబ్బు సమకూర్చేందుకు 1942లో ఏర్పడిన జెగోటా మండలిలో చేరారు. దొరికితే ప్రాణం పోయే పని అది. ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ సంస్థ తర్వాతి కాలంలో ఆయనను యూదులను కాపాడిన ధర్మాత్ముల జాబితాలో చేర్చింది. 1944 ఆగస్టు 1న మొదలై 63 రోజులు సాగిన వార్సా తిరుగుబాటులోనూ ఆయన ఉన్నారు. లక్షన్నరకు పైగా పౌరులు చనిపోయి, నగరం నేలమట్టమైన పోరాటమది.

యుద్ధం ముగిశాక నాజీ నేరాలపై ఆధారాలు సేకరించే కమిషన్‌లో చేరితే, కొత్తగా వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం గూఢచారి అని ముద్ర వేసింది. 1946కూ 1954కూ మధ్య రెండు దఫాలుగా ఆరేళ్లకు పైగా జైల్లో పెట్టింది. ఆ శిక్ష పొరపాటని ఆ ప్రభుత్వమే తర్వాత ఒప్పుకుంది. అరెస్టులతో చదువు తెగిపోయింది, డిగ్రీ చేతికి రానేలేదు. అందుకే ఆయన ప్రత్యర్థులు చివరిదాకా ఒకే ప్రశ్న వేశారు: పట్టా లేనివాడు ప్రొఫెసర్ ఎలా అవుతాడు? నిబంధన ప్రకారం ఆ ప్రశ్నలో తప్పులేదు. కానీ 1974లో వచ్చిన ఆయన గ్రంథం ‘వార్సా 1859 రోజులు’ తెరిచినవాళ్లకు ఆ ప్రశ్న చిన్నదైపోతుంది. ఆక్రమణలో నగరం గడిపిన ఒక్కో రోజునూ వరుసగా నమోదు చేసిన పుస్తకమది. ఎవరిని ఎక్కడ కాల్చారు, ఏ గోడకు ఏ ఉత్తర్వు అంటించారు అన్న వివరాలే అందులో మాట్లాడతాయి. 1973 నుంచి లుబ్లిన్ కాథలిక్ విశ్వవిద్యాలయంలో సమకాలీన చరిత్ర బోధించారు. 1981 డిసెంబరులో సైనిక పాలన వచ్చి మళ్లీ నిర్బంధించింది. బయటికొచ్చాక 1980ల్లో పాఠం చెప్పింది ఎక్కడో తెలుసా? జర్మనీలో, బవేరియా విశ్వవిద్యాలయాల్లో.

కమ్యూనిస్టు పాలన పోయాక 1990లో ఆస్ట్రియాకు రాయబారి, 1995లో విదేశాంగ మంత్రి అయ్యారు. అదే ఏడాది ఏప్రిల్ 28న, యుద్ధం ముగిసి యాభై ఏళ్లయిన సందర్భంగా జర్మన్ పార్లమెంటు ఉభయసభల ముందు ప్రసంగించారు. 1945 తర్వాత పోలండ్‌కు దక్కిన ప్రాంతాల నుంచి లక్షలాది జర్మన్లను వెళ్లగొట్టారు. వారిలోని అమాయకుల కష్టానికి ఆ ప్రసంగంలో సంతాపం తెలిపారు. దోషుల్లో పోలిష్ వాళ్లూ ఉన్నారని ఒప్పుకున్నారు. స్వదేశంలో కొందరు దీన్ని లొంగుబాటు అన్నారు. ఇద్దరి తప్పులనూ ఒకే తూకంలో వేస్తే యుద్ధం మొదలుపెట్టినవాడు తప్పించుకుపోడా అన్న వారి ఆందోళన తేలిగ్గా తీసిపారేయదగింది కాదు. కానీ ఆయన తూకం సమం చేయలేదు. ఏది ముందు జరిగింది, ఏది దాని ఫలితం అన్న వరుస ఆయన ఎన్నడూ చెరపలేదు. 2009లో, వెళ్లగొట్టబడిన జర్మన్ల సంఘం అధినేత్రి ఎరికా స్టయిన్‌బాఖ్‌ను ఆ నిర్వాసితుల స్మారక సంస్థ పాలకమండలిలో కూర్చోబెట్టే ప్రతిపాదన వచ్చినప్పుడు గట్టిగా అడ్డుపడింది ఆయనే. పోలండ్ సరిహద్దును గుర్తించే ఒప్పందానికి జర్మన్ పార్లమెంటులో వ్యతిరేకంగా ఓటేసిన నాయకురాలు ఆమె. చివరికి ఆ స్థానం ఆమెకు దక్కలేదు. లొంగిపోయినవాడు చేసే పని కాదది.

ఆయనలో లోపం చూడాలంటే వేరే చోట చూడాలి. జర్మన్లతో అంత నిగ్రహంగా మాట్లాడినవారు స్వదేశంలోని రాజకీయ ప్రత్యర్థుల మీద పరుషంగా నోరు జారేవారు. వార్సాలో అది కక్షలు పెంచిందే తప్ప తగ్గించలేదు. చరిత్రను విడదీసి చూసిన ఆ ఓర్పు రోజువారీ రాజకీయాల్లో ఆయనకు కుదరలేదు. అయినా బెర్లిన్‌కూ వార్సాకూ మధ్య నమ్మకం కుదర్చడానికి ఆయన్ని మించినవారు పోలండ్‌కు దొరకలేదు. 2007లో ప్రధాని డొనాల్డ్ టస్క్ పిలిచి జర్మనీ, ఇజ్రాయెల్‌లతో సంబంధాల బాధ్యత అప్పగించేటప్పటికి ఆయనకు 85 ఏళ్లు. 2015 ఏప్రిల్ 24న, 93 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆ పదవిలోనే ఉన్నారు.