510 దగ్గర ఇనుము

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల నేలకు ఆ ఎరుపు ఇనుము పెట్టినదే. అలాంటి సీమలో పంటకు ఇనుము చాలలేదంటే నవ్వొస్తుంది. కానీ సున్నం పాలు ఎక్కువున్న నేలలోనో, బైకార్బొనేట్లు మిక్కిలిగా ఉన్న బోరు నీళ్లు పారిన చోటో చెనక్కాయ చేను చూడండి. లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉంటాయి, వాటి మధ్య భాగం పసుపు తిరుగుతుంది, ముదిరితే తెల్లబడుతుంది. ఆ పాలిపోయిన ఆకును ఎండబెట్టి, కాల్చి, బూడిదలో కొలిస్తే ఇనుము ఉండనే ఉంటుంది. ఒక్కోసారి బాగున్న ఆకులో కన్నా ఎక్కువే! మరి లోపించింది ఏమిటి? ఆ చిక్కు విప్పడానికి ఒక నారింజ రంగు, దాన్ని చదివే ఒక పెట్టె కావలసి వచ్చాయి.

ద్రావణం ఎంత చిక్కగా ఉంటే అంత వెలుతురును మింగుతుందన్న సూత్రం బూగే, లాంబర్ట్ మొదలుపెట్టగా 1852లో బేర్ చేతిలో పూర్తయింది. దాని మీద నిలిచిన తొలి కలరిమీటర్లు కంటికి ఊతకర్రలు మాత్రమే. డ్యుబోస్క్ పేరు మోసిన పరికరంలో రెండు గాజు గొట్టాలు పక్కపక్కన ఉండేవి. ఒకదాంట్లో తెలిసిన ద్రావణం, ఇంకోదాంట్లో తెలియనిది. రెండు సగాలూ ఒకే రంగులో కనబడేదాకా లోతు మార్చి, ఆ లోతుల నిష్పత్తితో లెక్క కట్టేవారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరం పరీక్ష కూడా ఆ రంగుల లెక్కే. అక్కడ రంగునిచ్చేది మాలిబ్డినం నీలం.

కన్ను అలిసిపోతుంది, మబ్బు పడితే మాట మారుస్తుంది. ఆ స్థానంలోకి ఫొటోసెల్ వచ్చింది. 1941లో బెక్‌మన్ డీయూ స్పెక్ట్రోఫొటోమీటరు 723 డాలర్లకు అమ్మకానికొచ్చింది. 1953లో బాష్ అండ్ లాంబ్ సంస్థ స్పెక్ట్రానిక్ 20ని తెచ్చి దాన్ని కాలేజీ బల్లల మీదికి దించింది. పేరులోని 20, అది వేరుచేసే కాంతి పట్టీ వెడల్పు, నానోమీటర్లలో. మన దగ్గర 1960లో మొదలైన హైదరాబాద్ సంస్థ ఎలికో ఇలాంటి పరికరాలను ఇక్కడే తయారుచేసింది.

యంత్రం సిద్ధమైనా, పలచని ఇనుప ద్రావణానికి చెప్పుకోదగ్గ రంగు లేదు. థయోసయనేటు కలిపితే నెత్తురు రంగు వస్తుంది కానీ నిలవదు, వెలుతురుకు వెలిసిపోతుంది. నిలిచే రంగును 1898లోనే ఫ్రిట్జ్ బ్లౌ చూశాడు. ఫినాంత్రోలిన్ అణువులు మూడు చేరి ఒక ఫెర్రస్ అయాన్‌ను చుట్టుముడితే నారింజ ఎరుపు సంక్లిష్టం ఏర్పడుతుంది. దాన్ని కొలతకు పనికొచ్చే పద్ధతిగా కుదిర్చింది 1938లో ఫార్చ్యూన్, మెలన్‌లు రాసిన పత్రం. ఆ రంగు 510 నానోమీటర్ల దగ్గర వెలుతురును గట్టిగా మింగుతుంది. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము ఇనుము ఉన్నా, సెంటీమీటరు మందం కువెట్‌లో శోషణ దాదాపు 0.2 చూపిస్తుంది. ఆ రంగు నెలల తరబడి చెక్కుచెదరదు.

దీనికొక పట్టుదల ఉంది: ఇది ఫెర్రస్ ఇనుముతోనే ఆ రంగునిస్తుంది, ఫెర్రిక్‌తో ఇవ్వదు. అందుకే ప్రయోగశాలలో ముందుగా హైడ్రాక్సిలమీన్ హైడ్రోక్లోరైడు పోసి ఫెర్రిక్‌నంతా ఫెర్రస్‌గా మారుస్తారు, ఎసిటేటు బఫర్‌తో ఆమ్లగుణాన్ని సరిచేస్తారు, ఆ తర్వాతే ఫినాంత్రోలిన్. బీఎస్సీ విద్యార్థులు చాలామంది ఆ మొదటి సీసాను మొక్కుబడిగా పోసేస్తారు గానీ, కథంతా అందులోనే ఉంది.

1980లో కట్యాల్, శర్మ అనే మన శాస్త్రవేత్తలు సరిగ్గా ఆ సీసానే పక్కన పెట్టారు. తాజా ఆకును సన్నగా తరిగి, 2 గ్రాముల్ని 20 మిల్లీలీటర్ల ఫినాంత్రోలిన్ ద్రావణంలో 16 గంటలు నానబెట్టి, వడకట్టి, 510 దగ్గర చదివారు. బయటికొచ్చేది మొక్క వాడుకోగల ఫెర్రస్ ఇనుము. పాలిపోయిన ఆకులో మొత్తం ఇనుము సరిపడా ఉన్నా, ఇది తక్కువగా తేలింది. రసాయనానికి ఉన్న ఒంటికంటి చూపును లోపంగా కాక పనిముట్టుగా చూడటం, నా లెక్కలో, ఈ పద్ధతి చరిత్రలో అన్నిటికన్నా తెలివైన అడుగు.

రైతు కొట్టే మందులోనూ ఇదే రసాయనం ఉంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. అన్నభేది ఫెర్రస్ ఇనుమే. నిమ్మ ఉప్పు దాన్ని తుప్పు పట్టనీయకుండా ద్రావణంలో పట్టి ఉంచుతుంది. గోధుమరంగు తిరిగిన మందు కొట్టినా దండగే.

చేను పసుపు తిరిగి ఆకు పరీక్ష చేయించాలనుకుంటే, లేత ఆకులనే కోయండి. పాలిపోయినవీ బాగున్నవీ వేరువేరు సంచుల్లో పెట్టండి. మన ఎర్ర దుమ్ములోనూ ఇనుమే ఉంది కాబట్టి ఆకులు కడిగించండి. ఎండబెట్టకుండా, చల్లగా, కోసిన రోజే ల్యాబుకు చేర్చండి.