ఓడ ఎక్కితే కడుపులో తిప్పుతుందా?

మాది జహీరాబాద్ దగ్గర చిరాగ్‌పల్లి. బొంబాయి రోడ్డు మీద చెక్‌పోస్టు పేరుతో తెలిసిన ఊరు. గుమ్మంలో నిలబడితే లారీలు కనిపిస్తాయి, చెరుకు తోటలు కనిపిస్తాయి. సముద్రం మాత్రం ఎటు చూసినా వందల మైళ్ల దూరం. అలాంటి ఊరిదాన్ని, అందులోనూ హైదరాబాద్ బస్సెక్కితే సదాశివపేట దాటకముందే నిమ్మకాయ వాసన చూసేదాన్ని, ఓడ ప్రయాణం గురించి చెబుతానంటే మీకు నవ్వు రావచ్చు. కానీ అవసరం అన్నీ నేర్పిస్తుంది కదా!

కొన్నేళ్ల కిందటి మాట. మా పెద్దమ్మాయిని అండమాన్‌లో స్థిరపడిన శ్రీకాకుళం వాళ్లింట ఇచ్చాం. తొలి కాన్పు. అమ్మాయిని ఇటు పంపిద్దామంటే డాక్టరు ప్రయాణం వద్దన్నారు. ఫోన్లో అది, "అమ్మా, నువ్వొస్తావు కదూ?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంది. ఆ మాటకి రానని ఏ తల్లి అంటుంది? ఇద్దరికీ విమానం టిక్కెట్లు, ఆపైన పచ్చళ్ల జాడీలు, పురిటి సామాను లెక్క వేసుకుంటే చివరికి విశాఖపట్నం నుంచి ఓడే దిక్కయింది. రెండున్నర రోజులు నీళ్ల మీదే! గంట బస్సు ప్రయాణానికే వాంతి చేసుకునే నేను, అక్కడికి చేరేసరికి పురుడు పోస్తానా, నాకే ఎవరైనా సేవ చేయాలా అని దిగులు పట్టుకుంది.

ఇంతకీ ఎందుకు తిప్పుతుంది?

నిండు బిందె చంకన పెట్టుకుని నడుస్తూ గబుక్కున ఆగండి. మీరు ఆగినా లోపలి నీళ్లు ఊగుతూనే ఉంటాయి. మన చెవి లోపల కూడా ద్రవం నిండిన మూడు సన్నని గొట్టాలున్నాయి. ఒళ్లు ఎటు కదిలినా ఆ ద్రవం మెదడుకు కబురు చెబుతుంది. ఓడ గదిలో కూర్చుంటే కళ్లకు గోడలు కదలకుండా కనిపిస్తాయి. చెవేమో "ఊగుతున్నాం" అంటుంది. ఎవరి మాట నమ్మాలో మెదడుకు తెలియదు. ఆ తికమకే వికారంగా, చల్లటి చెమటలుగా, వాంతిగా బయటపడుతుంది.

కాబట్టి ఇది జబ్బూ కాదు, పిరికితనమూ కాదు. 1831 నుంచి 1836 దాకా ఓడ మీద లోకం చుట్టి వచ్చిన డార్విన్ మహాశయుడికే ఈ బాధ తప్పలేదు. మగవాళ్లకంటే ఆడవాళ్లకి ఎక్కువ. నెలసరి రోజుల్లో, గర్భిణులకి మరీ ఎక్కువ. రెండేళ్లలోపు పిల్లలకి అరుదు గానీ, ఆపైన పన్నెండేళ్ల దాకా బాగానే బాధిస్తుంది.

బయల్దేరే ముందు

మా పక్కింటి ఖాలా పాతరోజుల్లో బొంబాయి నుంచి ఓడలో హజ్‌కి వెళ్లొచ్చింది. 1995లో ఆ ఓడలు ఆగిపోయాయి గానీ, ఆమె అనుభవం నాకు పనికొచ్చింది. "గట్టిగ బిగవట్టుకుని కూసుంటెనే తిప్పుతది బిడ్డా. ఓడ ఊగినట్టు నువ్వు గూడ ఊగాలె. ఉత్త కడుపుతోని మాత్రం ఉండకు" అంది.

బంగాళాఖాతం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు పోటెత్తి ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల భయం. వీలుంటే జనవరి నుంచి మార్చి లోపు ప్రయాణం పెట్టుకోండి. వైజాగ్ నుంచి ఓడ రోజూ ఉండదు కనుక తేదీలు ముందుగా కనుక్కోవాలి. టిక్కెట్టు తీసుకునేటప్పుడు ఓడ నడిమధ్యన, కింది అంతస్తులో చోటు అడగండి. ఉయ్యాలబల్లకి చివర్ల ఊపు ఎక్కువ, మధ్యన తక్కువ. ఓడా అంతే.

అవోమిన్ వంటి మాత్రలు వాంతి మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవవు. దూరప్రయాణమైతే ముందురోజు రాత్రే వేసుకోమని మా డాక్టరు చెప్పారు. వీటితో నిద్ర ముంచుకొస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గ్లకోమా ఉన్నవాళ్లు డాక్టర్ని అడగందే వాడకూడదు. రెండేళ్లలోపు పిల్లలకి అసలు వేయరాదు.

ఓడలో

మొదటి రాత్రి నా పని అయిపోయిందనుకున్నాను. బయల్దేరే హడావుడిలో ఆ మాత్ర వేసుకోవడమే మరిచాను! డీజిలు వాసన, పక్క బంకులో ఎవరో డొక్కుంటున్న చప్పుడు. నాకూ రెండుసార్లు అయింది. తెల్లారాక మావారు చెయ్యిపట్టి పైకి తీసుకెళ్లారు. చల్లగాలిలో నిలబడి, దూరంగా ఆకాశం నీళ్లను తాకే గీత వైపు చూస్తూ ఉంటే పావుగంటలో తల తేలికపడింది. కన్నూ చెవీ ఒకే మాట చెప్పాయన్నమాట!

పైకి వెళ్లలేకపోతే వెల్లకిలా పడుకుని, తల కదలకుండా కళ్లు మూసుకోవాలి. పుస్తకం చదవడం, ఫోన్ చూడడం, ఊలు అల్లడం వద్దు. నూనె వంటలు, మసాలాలు, కాఫీ పక్కన పెట్టి మరమరాలు, బిస్కట్లు, ఇడ్లీ, చారన్నం కొద్దికొద్దిగా తినండి. వాంతులైతే ఓఆర్‌ఎస్ నీళ్లు గుక్కగుక్కగా తాగాలి. మంచినీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం తగ్గిపోతే మొహమాటపడకుండా ఓడ డాక్టరుకి చెప్పండి. వాంతి వచ్చినా రైలింగు మీదకి వంగకండి, సంచి దగ్గర పెట్టుకోండి.

చాలామందికి రెండు మూడు రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది. నేను రెండో రోజు సాయంత్రానికి చారన్నం తిన్నాను. దిగాక నేల ఊగుతున్నట్టుంటే కంగారు పడకండి, సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది.

మా ఊరి మందు: అల్లం మురబ్బా

జహీరాబాద్ అల్లానికి పెట్టింది పేరు. వికారానికి అల్లం అందరికీ ఒకేలా పనిచేయదంటారు గానీ, నాకు మాత్రం బుగ్గన ఒక ముక్క పెట్టుకుంటే హాయిగా ఉంది. రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టర్ని అడిగి తినాలి.

100 గ్రాముల అల్లం చెక్కు తీసి మెత్తగా రుబ్బాలి. 300 గ్రాముల బెల్లం కొద్ది నీళ్లలో కరిగించి వడకట్టి, అల్లం ముద్ద వేసి సన్నసెగ మీద కలుపుతూ ఉండాలి. చల్లటి నీళ్లలో చుక్క వేస్తే గట్టి ఉండ కావాలి. అప్పుడు రెండు చెంచాల నెయ్యి, ఏలకుల పొడి కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో పోసి, వేడి మీదే ముక్కలు కోయాలి. మూత బిగువైన డబ్బాలో పెడితే ప్రయాణమంతా ఉంటుంది.

మూడో రోజు పోర్ట్ బ్లెయిర్ రేవులో దిగాను. 2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు. నిండు కడుపుతో అమ్మాయి ఎదురొచ్చి, "అమ్మా, ఓడలో బాగా ఇబ్బంది పడ్డావా?" అంది. డబ్బా మూత తీసి ఒక ముక్క దాని నోట్లో పెట్టాను. ఇద్దరం నవ్వేశాం. పదకొండో రోజున మనవరాలు పుట్టింది. తిరుగు ప్రయాణంలో మాత్ర ముందురోజు రాత్రే వేసుకున్నాను. ఒక్కసారీ వాంతి కాలేదు సుమండీ!