మైటోకాండ్రియా తర్వాతి ప్రశ్నకు సిద్ధమేనా?

తార్నాకలో రూమ్ తీసుకుని ఉద్యోగాలకు ప్రిపేర్ అవుతున్నారా? అయితే ఈ దారి మీకు కొట్టిన పిండే. ఓ పక్క ఉస్మానియా యూనివర్సిటీ, దాని పక్కనే జాతీయ పోషకాహార సంస్థ. హబ్సిగూడ వైపు కదిలితే ఐఐసీటీ, అది దాటాక సీసీఎంబీ. 1977లో మొదలైన ఈ సంస్థ పేరులోనే ‘కణం’ ఉంది. ఇలాంటి సంస్థల్లో ప్రాజెక్ట్ అసోసియేట్ పోస్టుకో, ఓ ఫార్మా కంపెనీలో ఉద్యోగానికో ఇంటర్వ్యూకి వెళ్లారనుకోండి. ‘మైటోకాండ్రియా పనేంటి?’ అని అడిగితే ‘కణానికి శక్తి కేంద్రం సార్’ అని టక్కున చెప్పేస్తారు.

‘మరి ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా ఉండదు కదా, దానికి శక్తి ఎలా వస్తుంది?’

చిక్కంతా ఈ రెండో ప్రశ్నతోనే. మొదటిదానికి బట్టీ సరిపోతుంది. రెండోదానికి అర్థమై ఉండాలి.

మూడు ప్రశ్నలు చాలు

నాది ఇంజినీరింగ్. టెన్త్‌తోనే బయాలజీ పుస్తకం మూసేశాను. మళ్లీ తెరిచినప్పుడు పనికొచ్చింది కోడింగ్ అలవాటే. ప్రోగ్రామ్‌లో ఒక ఫంక్షన్ పేరు తెలిస్తే సరిపోదు. అది ఏం తీసుకుంటుంది, ఏం ఇస్తుంది, దాన్ని తీసేస్తే ఏం ఆగిపోతుంది అన్నది తెలియాలి. కణంలోని ప్రతి భాగాన్నీ ఈ మూడు ప్రశ్నలే అడగండి.

మైటోకాండ్రియా ఆహారం నుంచి వచ్చిన ఇంధనాన్ని, ఆక్సిజన్‌ని తీసుకుంటుంది. కణం ఖర్చుపెట్టుకునే ఏటీపీని ఇస్తుంది. ఈ ఏటీపీని 1929లో గుర్తించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అప్పుడాయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తున్నారు.

మరి మైటోకాండ్రియా లేకపోతే? ఎర్ర రక్తకణం కణద్రవ్యంలోనే గ్లూకోజ్‌ని విడగొట్టుకుంటుంది. ఒక్కో గ్లూకోజ్ అణువుకి నికరంగా 2 ఏటీపీలే మిగులుతాయి. ఆదాయం తక్కువే గానీ ఇందులో ఓ లాభం ఉంది. తాను మోసుకెళ్లే ఆక్సిజన్‌ని తానే వాడేసుకోదు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క వాక్యం చెప్పగలిగితే మీకు విషయం తెలుసని అవతలివారికి అర్థమైపోతుంది.

రక్తంలో డీఎన్ఏ ఎక్కడిది?

మన పరిణత ఎర్ర రక్తకణంలో కేంద్రకమూ ఉండదు. మరి రక్తపు మరక నుంచి డీఎన్ఏ ఎలా తీస్తున్నారు? తెల్ల రక్తకణాల నుంచి. వాటిలో కేంద్రకం ఉంటుంది. సీసీఎంబీలో లాల్జీ సింగ్ 1980ల చివర్లో దేశీయంగా అభివృద్ధి చేసిన డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ తర్వాత మన కోర్టుల దాకా వెళ్లింది. అంత పెద్ద పరీక్ష కూడా ‘ఏ కణంలో కేంద్రకం ఉంటుంది?’ అనే స్కూల్ పాఠం మీదే నిలబడింది.

ఇంకో ఉదాహరణ చూడండి. అడవి దగ్గర ఓ మాంసం ముక్క దొరికింది. మేకదా, జింకదా? సీసీఎంబీ శాస్త్రవేత్తలు దీనికి మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి జన్యువు సాయంతో జాతిని గుర్తించే పద్ధతి తెచ్చారు. మైటోకాండ్రియానే ఎందుకు? ఒక కణానికి కేంద్రకం సాధారణంగా ఒక్కటే. మైటోకాండ్రియా డీఎన్ఏ ప్రతులు మాత్రం వందలు, వేలల్లో ఉంటాయి. నమూనా పాడైపోయినా కొన్ని ప్రతులైనా దొరికే అవకాశం ఎక్కువ.

ఫార్మా వైపు వెళ్తున్నారా?

పెన్సిలిన్ బ్యాక్టీరియాని చంపుతుంది. మన కణాన్ని ఎందుకు చంపదు? జవాబు మళ్లీ స్కూల్ పాఠంలోనే ఉంది. బ్యాక్టీరియాకి కణకవచం ఉంటుంది, జంతు కణానికి ఉండదు. పెన్సిలిన్ ఆ కవచం కట్టుకునే పనినే అడ్డుకుంటుంది. అలాగే బ్యాక్టీరియా రైబోజోమ్ 70ఎస్, మన కణద్రవ్యంలోది 80ఎస్. ఈ తేడా ఆధారంగానే స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ లాంటి మందులు ప్రధానంగా బ్యాక్టీరియా రైబోజోమ్‌ని దెబ్బతీస్తాయి. ‘తేడాలు రాయండి’ అంటూ మనం పట్టికలు గీసి మర్చిపోయిన పాఠం ఇదే.

ఇప్పుడేం చేయాలి?

* ఎనిమిది, తొమ్మిది తరగతుల బయాలజీ పుస్తకాల్లో కణం పాఠాలు మళ్లీ చదవండి. నామోషీ ఏమీ అక్కర్లేదు.
* ఒక్కో భాగానికి ఒక్కో కాగితం తీసుకోండి. తీసుకునేది, ఇచ్చేది, లేకపోతే జరిగేది రాయండి. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ పాఠం ఇంకా రాలేదని లెక్క.
* రూమ్మేట్‌కి తెలుగులో వివరించండి. ఇంగ్లిష్ పదాల చాటున దాక్కున్న తికమక అప్పుడే బయటపడుతుంది.
* ఆ తర్వాతే పెద్ద పుస్తకాలు. సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌లోనూ, గేట్ బయోటెక్నాలజీ పేపర్లోనూ కణజీవశాస్త్రం ఉంది.

బీటెక్ వాళ్లు ‘మాకెందుకులే’ అనుకోవద్దు. బయోఇన్ఫర్మాటిక్స్‌లో మీరు ప్రోగ్రామ్‌తో వెతికే ఏ, టీ, జీ, సీ అక్షరాలు ఓ కణంలోంచి వచ్చినవే. అవి కేంద్రకానివా, మైటోకాండ్రియావా అన్నది తెలియకపోతే ప్రోగ్రామ్ సరిగ్గా నడిచినా జవాబు తప్పవుతుంది.

ఈసారి హబ్సిగూడ దాటేటప్పుడు ఆ బోర్డు చూసి మిమ్మల్ని మీరు ఓ ప్రశ్న అడగండి. మొదటి జవాబు రాగానే ఆగిపోకండి, రెండో ప్రశ్న కూడా అడగండి.