ధింసా వేదికపై మల్టీసెల్ దీపాలు: సాఫ్ట్‌వేర్ దోషాల గుర్తింపు – సవరణ

వ్యాససంగ్రహం:
అనేక సెల్‌లు గల ఎల్‌ఈడీ దీపాలను సాఫ్ట్‌వేర్‌తో నడిపేటప్పుడు ఏర్పడే దోషాలు వేదికపై ఒక్కొక్కటి ఒక్కో ఆనవాలును చూపుతాయి. ఆ ఆనవాలును బట్టి మూలకారణాన్ని గుర్తించే పద్ధతిని, అరకులోయ ధింసా నృత్యాన్ని సందర్భంగా తీసుకొని, వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ధింసా, అరకులోయ, రంగదీపనం, మల్టీసెల్ దీపం, డిఎంఎక్స్ 512, క్యూఎల్‌సి ప్లస్.

1. ఉపోద్ఘాతం:
అరకులోయ పరిసరాలలోని బగత, వాల్మీకి, పోరజ, గదబ, కొండదొర, కోటియా మొదలైన తెగల వారికి ధింసా సామూహిక నృత్యం. చైత్రమాసపు ఇటుకల పండుగలోను, పెళ్ళిళ్ళలోను మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ముల మోతకు అనుగుణంగా దీనిని ఆడతారు. గ్రామదేవత పూజకు సంబంధించిన బోడ ధింసాలో కుడివరుస మొదటి పురుషుడు నెమలి ఈకల కట్ట పట్టుకొని నడిపిస్తాడు. ఎడమవరుస చివరి స్త్రీ అతనితో కలుస్తుంది. అప్పుడు రెండు వరుసలూ పాములా మెలికలు తిరుగుతూ వలయమవుతాయి. ఎవరు ముందు నడుస్తున్నారు, వరుస ఎటు సాగుతోంది అన్నవి ఈ నృత్యానికి ప్రాణం.

ఊరి నడుమ ఆడినప్పుడు ప్రేక్షకులు చుట్టూ నిలిచి చూస్తారు. 2025 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 వరకు అరకులో జరిగిన చలి ఉత్సవం వంటి సందర్భాలలో అదే నృత్యం విద్యుద్దీపాల నడుమ వేదికనెక్కుతుంది. అక్కడ ప్రేక్షకుడు ఒకవైపు నుంచే చూస్తాడు. వరుస నడకను అతని కంటికి అందించే బాధ్యతలో కొంత దీపానిది. ఆ దీపం తప్పుగా నడిస్తే నృత్యార్థమే దెబ్బతింటుంది.

2. మల్టీసెల్ దీపం – స్వరూపం:
చూడటానికి ఒకే బార్‌గా కనిపించినా, మల్టీసెల్ దీపం నియంత్రణ దృష్ట్యా అనేక దీపాల సముదాయం. డిఎంఎక్స్ 512 అనే సంకేత ప్రమాణం 1986లో రూపొందింది. ఇందులో ఒక యూనివర్స్‌కు 512 ఛానెళ్ళు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు రంగులు గల 12 సెల్‌ల బార్‌కు 48 ఛానెళ్ళు కావాలి. అదే బార్‌ను మొత్తం ఒకే రంగుగా వెలిగించే మోడ్‌లో పెడితే 4 ఛానెళ్ళు చాలు. బార్ ఏ మోడ్‌లో ఉన్నదో సాఫ్ట్‌వేర్ తనంతట తాను సాధారణంగా తెలుసుకోదు. మనం చెప్పినదానినే నమ్ముతుంది. కాబట్టి కంప్యూటర్ తెరపై చిత్రం సరిగా ఉన్నంత మాత్రాన వేదికపై అంతా సరిగా ఉన్నట్టు కాదు.

3. దోషాలు – ఆనవాళ్ళు:

3.1 మోడ్ భేదం: సాఫ్ట్‌వేర్‌లో సెల్‌కు మూడు రంగుల నిర్వచనం (36 ఛానెళ్ళు) ఎంచుకొని, బార్‌ను నాలుగు రంగుల మోడ్‌లో (48 ఛానెళ్ళు) ఉంచామనుకుందాం. అన్ని సెల్‌లకూ ఎరుపు పంపితే 1, 4, 7, 10... ఛానెళ్ళకు పూర్తి విలువ చేరుతుంది. బార్ మాత్రం నాలుగేసి ఛానెళ్ళుగా చదువుకుంటుంది. ఫలితంగా మొదటి సెల్ ఎరుపు, తెలుపు కలిసిన గులాబీ రంగులోను, రెండవది నీలంగాను, మూడవది ఆకుపచ్చగాను వెలుగుతాయి. ఈ క్రమమే తొమ్మిదవ సెల్ వరకు పునరావృతమవుతుంది. తరువాతి ఛానెళ్ళలో వేరే దీపం లేకుంటే చివరి మూడు సెల్‌లు చీకటిగా ఉంటాయి. రంగులు ఇలా క్రమబద్ధంగా మారుతూ కనిపిస్తే తీగను అనుమానించనక్కరలేదు, మోడ్‌ను సరిచూడాలి.

3.2 యూనివర్స్ సరిహద్దు: అటువంటి బార్లు పది అయితే 480 ఛానెళ్ళు. మిగిలినవి 32 మాత్రమే. పదకొండవ బార్‌ను 481 నుంచి మొదలుపెడితే ఎనిమిది సెల్‌లకే సంకేతం అందుతుంది. చివరి నాలుగు వెలగవు. సాఫ్ట్‌వేర్‌లో దానిని రెండవ యూనివర్స్ 1వ చిరునామాకు మార్చి, తీగను మాత్రం మొదటి యూనివర్స్‌లోనే ఉంచితే, పదకొండవ బార్ మొదటి బార్‌ను అచ్చంగా అనుకరిస్తుంది. ఈ అనుకరణే ఆ దోషానికి ఆనవాలు.

3.3 సెల్ వరుస తిరగబడటం: బార్‌ను వెనుకాముందుగా బిగిస్తే మొదటి సెల్ కుడి చివరకు వస్తుంది. అన్ని సెల్‌లూ ఒకే రంగులో ఉన్నంతసేపు ఈ దోషం బయటపడదు. నాయకుని వెంట వెలుగును నడిపించినప్పుడు మాత్రం ఆ బార్ దగ్గర వెలుగు వెనుకకు పరుగెడుతుంది. బోడ ధింసాకు అతి ఎక్కువ హాని చేసేది ఇదే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన క్యూఎల్‌సి ప్లస్‌లో సెల్‌లను ‘హెడ్స్’ అంటారు. ఫిక్చర్ గ్రూప్ గడులలో వీటి స్థానాలు మార్చి వరుసను సరిచేయవచ్చు. కొన్ని బార్ల మెనూలోనే వరుసను తిప్పే ఏర్పాటు ఉంటుంది. రెండు చోట్లా తిప్పితే దోషం మళ్ళీ మొదటికి వస్తుంది.

3.4 ప్రధాన డిమ్మర్: కొన్ని మోడ్‌లలో సెల్ ఛానెళ్ళకు అదనంగా బార్ మొత్తానికి డిమ్మర్ ఉంటుంది. అది సున్నాలో ఉంటే సెల్ విలువలు ఎంత పెంచినా వెలుగు రాదు.

3.5 తీగ దోషం: పై దోషాలన్నిటికీ స్థిరమైన క్రమం ఉంటుంది. సెల్‌లు అక్రమంగా మిణుకుమంటే, లేదా తీగ కదిలినప్పుడల్లా ఫలితం మారితే కారణం సంకేత మార్గంలో ఉంటుంది. తీగ చివర 120 ఓమ్‌ల టెర్మినేటర్ ఉన్నదో లేదో, కనెక్టర్లలో మంచు తేమ చేరిందేమో చూడాలి.

4. పరీక్షాక్రమం:
మొదట బార్ మెనూలోని మోడ్‌ను, చిరునామాను సాఫ్ట్‌వేర్‌లోని నమోదుతో పోల్చాలి. రెండవది, ఒక బార్‌లో మొదటి సెల్‌ను ఎరుపుగా, చివరి సెల్‌ను నీలంగా వెలిగించాలి; మోడ్, దిశ రెండూ ఒకేసారి తెలుస్తాయి. మూడవది, వేదిక ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క సెల్‌నే వెలిగిస్తూ పోవాలి; వెలుగు ఆగినచోట, వెనుదిరిగినచోట, రెండుచోట్ల ఒకేసారి కనిపించినచోట దోషం ఉన్నట్టు. ఒకసారికి ఒక మార్పే చేసి మళ్ళీ పరీక్షించాలి. ఏకకాలంలో మోడ్‌ను, తీగను మార్చితే దోషం పోయినా కారణం తెలియదు.

2020లో డిన్ స్పెక్ 15800గా వెలువడిన జీడీటీఎఫ్ అనే ఫైలు రూపం దీపం ఆకృతిని, మోడ్‌లను ఒకేచోట నమోదు చేస్తుంది. అయితే బార్‌ను ఎవరు ఎటు తిప్పి బిగించారో ఆ ఫైలుకు తెలియదు. కనుక మూడవ పరీక్ష ఎప్పటికీ అవసరమే.

5. ఉపసంహారం:
మల్టీసెల్ దీపాల దోషనిర్ధారణలో క్రమబద్ధమైన తప్పు నమోదులోని దోషాన్ని, అక్రమమైన తప్పు తీగలోని దోషాన్ని ప్రధానంగా సూచిస్తాయి. చివరి పరీక్షను మాత్రం ధింసా బృందాన్ని వేదికపై నడిపించి చేయడం ఉత్తమం. వరుస ఎటు సాగుతుందో నిర్ణయించేది ఈకల కట్ట పట్టుకున్నవాడు. వెలుగు అతని వెంట నడవాలి.