చిన్న పెట్టె, చక్కని స్వరము



ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెలలో ఆరాధనకు వెళ్లినప్పుడు మేము ఒక సంగతి గమనిస్తున్నాము. మందిరము చిన్నది, అరవైమంది కూర్చుంటే నిండిపోతుంది. స్పీకర్లు మాత్రము మనిషి ఎత్తు. పాట మొదలైతే ముసలమ్మలు చెవులు మూసుకుంటారు. గిటారు వాయించే తమ్ముడేమో, "అయ్యగారూ, ఇంకా పెద్ద సెట్టు కొనాలండీ" అంటాడు.

ఒక సంఘములో ఈ మాట మీదనే తగవు వచ్చినది. పెద్దలు గద్దించారు, ఆ తమ్ముడు రెండు ఆదివారములు మందిరము గడప తొక్కలేదు. ఆ సమయములోనే, సామాన్ల గదిలో పడియున్న పాత వాల్వు మైకు సెట్టును పాత ఇనుము వాడికి వేయాలనుకున్నారు. ఆ సంగతి విని అతడు వచ్చి, "ఒక్కసారి చూడనివ్వండి" అని అడిగాడు.

తాతల నాటి వాల్వు రేడియో మీకు జ్ఞాపకమున్నదా? స్విచ్ వేయగానే పలికేది కాదు. లోపలి గాజు బుడ్లు ఎర్రగా కాగిన తరువాత నెమ్మదిగా గొంతు విప్పేది. ఆ బుడ్లే వాల్వులు. మొదటి వాల్వును 1904లో ఇంగ్లాండులో ఫ్లెమింగ్ చేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి మూడవ భాగము చేర్చాడు. సన్నని శబ్దమును పెద్దది చేయుటకు అదే దారి తీసినది. ఈయన ఒక పాస్టరుగారి కుమారుడు. కొడుకు కూడా సేవకుడు కావాలని తండ్రి కోరుకున్నాడట!

1947లో ట్రాన్సిస్టరు పుట్టిన తరువాత రేడియోలలో వాల్వులు క్రమంగా పోయినవి. గిటారు వాయించేవారు మాత్రము వాటిని నేటికీ విడువలేదు. కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1940ల చివరలో తెచ్చిన 'చాంప్' అనే పెట్టెలో ఒకే స్పీకరు, మూడే వాల్వులు, నాలుగైదు వాట్ల శక్తి. అటువంటి పాత పెట్టెలను ఇప్పటికీ వెదకి కొంటున్నారు.

కారణమేమి? శక్తికి మించి వాయిస్తే ట్రాన్సిస్టరు శబ్దమును కత్తితో కోసినట్టు తెగగొడుతుంది. వాల్వు మెల్లగా వంచి, గుండ్రముగా చేస్తుంది. మెల్లగా మీటితే స్వచ్ఛముగా, గట్టిగా మీటితే కొంచెము గరుకుగా పలుకుతుంది. వ్రేళ్ల మనసు దానికి తెలుసునన్నట్టుంటుంది. మరొక సంగతి: వాట్లు పది రెట్లు పెంచినా మన చెవికి శబ్దము సుమారు రెండింతలుగానే తోచును. చిన్న మందిరములో గిటారుకు ఐదు వాట్లు చాలును.

ఆ పాత సెట్టును ఆత్మకూరులో ఒక రేడియో మెకానిక్కు దగ్గరకు తీసికొనిపోయారు. ఆ పెద్దాయన ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి, "తమ్ముడూ, దీన్ని నీవు విప్పవద్దు. లోపల మూడు వందల వోల్టులు ఉంటవి, ప్లగ్గు తీసినా కొంతసేపు నిలిచియుంటవి. స్పీకరు తగిలించకుండా ఎన్నడూ వేయవద్దు" అని హెచ్చరించాడు.

తరువాతి ఆదివారము ఆ పెట్టెతోనే ఆరాధన జరిగినది. గిటారు వినిపించినది, పాటలోని మాటలు కూడా వినిపించినవి. ముసలమ్మలు చప్పట్లు కొట్టి పాడారు. ఆరాధన ముగిసిన తరువాత సంఘ పెద్ద ఒకాయన ఆ తమ్ముని భుజము మీద చేయి వేసి, "వచ్చే వారము కూడా వాయించు, నాయనా" అన్నారు. మాకు అన్నిటికన్న ఆ మాటే మధురముగా ఉండినది.

ప్రతి సంఘమూ వాల్వు సెట్టే వెదకాలని మేము చెప్పము. అది బరువు, వాల్వులు అరిగిపోతవి, బాగుచేసేవారు అరుదు. అయితే కొత్త సెట్టుకు చందా ఎత్తకముందు ఒక ప్రశ్న వేసికొందము: మనకు కావలసినది పెద్ద శబ్దమా, అందరికీ వినబడే పాటా?

హోరేబు కొండపై ఏలీయాకు గాలిలో గాని, భూకంపములో గాని, అగ్నిలో గాని దేవుడు కనబడలేదు. ఆ తరువాత వచ్చిన నెమ్మదైన స్వరములోనే మాటలాడెను. దానిని వినుటకు మన మందిరములలోను, మన ఇండ్లలోను కొంచెము నెమ్మదిని ఉంచుకొందము.