మెదడు: నిశ్చలతకును అలజడికిని నడుమ

కుంపటిలో ఒక బొగ్గు అంటుకొన్నదనుకొందము. బొగ్గులు ఎడమెడముగా నున్నచో ఆ నిప్పు అక్కడనే ఆరిపోవును. దట్టముగా నుండి, పైగా విసరినచో కుంపటి యంతయు భగ్గుమనును. ఈ రెండింటి నడుమ మరియొక స్థితి కలదు. అందు నిప్పు ఒకప్పుడు రెండు మూడు బొగ్గులతో ఆగును, ఒకప్పుడు ఆవలి అంచు దాక ప్రాకును. ఇట్టి సరిహద్దును భౌతికశాస్త్రజ్ఞులు ‘సందిగ్ధస్థితి’ యందురు. మన మెదడు కూడ ఈ సరిహద్దుననే పనిచేయుచున్నదా?

2003లో అమెరికాలో జాన్ బెగ్స్, డీట్మార్ ప్లెంజ్ అను శాస్త్రజ్ఞులు ఎలుక మెదడు నుండి తీసిన పలుచని పొరలను పరీక్షించిరి. ఒకచోట పుట్టిన ఉత్తేజము సగటున మరియొక్క చోటికే సంక్రమించుచుండెను. అందుచే చిన్న అలలు అనేకము, పెద్దవి అరుదు. అయినను పెద్దవి లేకపోలేదు. ఇట్టి స్థితిలో స్వల్పమైన ప్రేరణ కూడ దూరము చేరగలదు, అంతటిని ముంచివేయదు.

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. వానినన్నిటిని ఒక్కొక్కటిగా లెక్కలోనికి తెచ్చుట దుస్సాధ్యము. కనుక 2013లో హైమోవిచీ, టాగ్లియాజూక్కి, బాలెంజుయెలా, చియాల్వో అనువారు మెదడును 998 భాగములుగా చూపు పటము నాధారము చేసికొని కంప్యూటరు నమూనా నిర్మించిరి. ప్రతి భాగమునకు మూడే దశలు: విశ్రాంతి, ఉత్తేజము, అలసట. తనతో ముడివడిన భాగములనుండి వచ్చు ప్రేరణ ఒక హద్దును మించినచో అది మేల్కొనును. ఆ హద్దును మిక్కిలి తగ్గించినప్పుడు నమూనా అంతట ఎడతెగని అలజడి, హెచ్చించినప్పుడు సద్దణగుట. నడుమ ఒక్క విలువ చెంత, ఏ పనియు లేక విశ్రమించియున్న మనుష్యుల మెదడు చిత్రములలో కానవచ్చు పొందికయే నమూనాలోను పొడసూపినది.

దీనివలన ప్రయోజనమేమి? మూర్ఛరోగమున నాడీకణములు మితిమీరి ఒక్కుమ్మడిగా చెలరేగును. గాఢమైన మత్తులో దూర భాగముల నడుమ సమన్వయము సన్నగిల్లును. ఆరోగ్యవంతమైన మెదడు ఈ రెండు ప్రమాదములను ఎట్లు తప్పించుకొనుచున్నదో తెలిసిన, వైద్యునకు క్రొత్త దారి దొరకవచ్చును.

కాని తొందరపాటు తగదు. చిన్న అలలు అనేకము, పెద్దవి అరుదు అను లెక్క కేవల యాదృచ్ఛిక క్రియలనుండియు పుట్టగలదని 2010లోనే టూబూల్, డెస్టెక్స్ అనువారు చూపిరి. ఒక్క గుర్తును చూచి తీర్పు చెప్పరాదు. వేర్వేరు గుర్తులన్నియు ఒకే హద్దు వద్ద కూడినప్పుడే, మెదడు ఆ సరిహద్దున నున్నదను మాటకు బలము చేకూరును.